ఏ పరీక్ష రాయమంటారు మాస్టారూ?

చింతపల్లి సంతలో నన్ను ఆపి అడిగే ప్రశ్నలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కుల ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలని అడిగేవారు. అటవీ హక్కుల చట్టం వచ్చాక పోడు పట్టాకి అర్జీ రాసిపెట్టమనేవారు. ఇప్పుడు పసుపు బస్తా పక్కన పెట్టుకుని, బేరం మధ్యలో ఆపి మరీ అడుగుతున్నారు: "మా గుంట ఇంటర్ సదువుతోంది. ఏ పరీక్ష రాయమంటారు మాస్టారూ?"

నేను ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. చదివింది డి.ఎడ్. నీట్‌లో వచ్చే ఫిజిక్స్ లెక్క నా ముందు పెడితే చెయ్యలేను. అయినా నన్నే అడుగుతారు. పట్నంలో అయితే ఈ ప్రశ్న అడగడానికి లెక్చరర్ ఉంటాడు, కోచింగ్ సెంటర్ ఉంటుంది, పక్కింట్లో నిరుడు రాసిన పిల్లవాడుంటాడు. మా ఊళ్ళో నేనున్నాను. ఇది చదువుతున్న ఉపాధ్యాయుల్లో చాలామంది పరిస్థితి ఇదే.

చాలా ఏళ్లు ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పాను. ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాను. ఎందుకో రాయాలనిపించింది.

ముందు నా సంగతి. నేను 1999లో ఇంటర్ పాసయ్యాను, బైపీసీ. అప్పట్లో డాక్టరు చదువుకి కూడా ఎంసెట్టే. ఆ పరీక్ష పేరు విన్నాను గానీ దాని ఫారం ఎక్కడ దొరుకుతుందో, డీడీ ఎలా తియ్యాలో చెప్పినవాళ్లు లేరు. తెలిసేసరికి ఆఖరు తేదీ దాటిపోయింది. మరుసటి ఏడాది, ఆశ్రమ పాఠశాలలో నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకాయన నర్సీపట్నం వెళ్లి డైట్‌సెట్ ఫారం తెచ్చి మా ఇంటికొచ్చి ఇచ్చారు. ఇక్కడ సంతకం పెట్టరా అన్నారు. పెట్టాను. అలా టీచర్నయ్యాను. నేను ఈ వృత్తిని ఎంచుకున్నానని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. చేతికి ఏ ఫారం అందిందో ఆ ఉద్యోగం వచ్చింది. ఇది ఫిర్యాదు కాదు. పని మీద ఇష్టం తర్వాత కలిగింది. కానీ నన్ను ఎవరూ "నీకేం కావాలి" అని అడగలేదన్నది మాత్రం నిజం. ఆ మాస్టారు కూడా అడగలేదు. ఆయన చేసిన మేలుకి ఇప్పటికీ దణ్ణం పెడతాను, అది వేరే సంగతి.

ఆ ఏడాదే, 2000 జనవరి 10న, జీవో నెంబరు 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. ఆ జీవో నీడలో ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని చదివించుకున్నవాళ్లం మేం. అందుకే ఎవరు అడిగినా నా నోట వచ్చే జవాబు ఒకటే ఉండేది: "టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాయించండి. మన జీవో ఉంది. ఉద్యోగం ఎక్కడికీ పోదు."

2018లో ఒక కుర్రాడికి అలాగే చెప్పాను. ఎంపీసీ చదివాడు, లెక్కలు బాగా చేసేవాడు. ఎంసెట్ మీద కూర్చుంటానన్నాడు. ఇంజనీరింగ్ చదివిన మనవాళ్లు ఎంతమంది ఖాళీగా తిరగడం లేదు, నీకెందుకురా ఆ గోల, డీసెట్ చూసుకో అన్నాను. విన్నాడు. రెండేళ్ల కోర్సు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్‌ని రాజ్యాంగం ఒప్పదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మా జోలికి మాత్రం రాలేదు. అంటే ఆ తీర్పు వల్ల నాకేమీ కాలేదు. నా మాట విన్నవాడికి అయింది.

ఆ కుర్రాడు ఇప్పుడు చలికాలంలో లంబసింగి చూడ్డానికి వచ్చేవాళ్లకి టెంట్లు వేస్తాడు. మిగతా రోజులు ఆటో నడుపుతాడు. ఒకసారి వాడి ఆటో ఎక్కాను. దిగాక డబ్బులిస్తే తీసుకోలేదు. "మీ దగ్గర తీసుకుంటానా మాస్టారూ" అన్నాడు. రెండు తిట్లు తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు.

తోటి ఉపాధ్యాయులు ఓదారుస్తారు. కోర్టు ఏం చెబుతుందో నీకు ముందే ఎలా తెలుస్తుంది, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు కదా అంటారు. సరే, తీర్పు నాకు తెలియదు. కానీ ఆ జీవో మీద కేసు ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో నడుస్తోందని తెలుసు. ఉపాధ్యాయ సంఘం మీటింగుల్లో టీ తాగుతూ మాట్లాడుకున్న విషయమే. ఆ కుర్రాడికి మాత్రం చెప్పలేదు. చెబితే భయపడతాడనో, నా సలహా బలం తగ్గిపోతుందనో. మంచి మనసుతో చెప్పిన సలహాలో కూడా సగం మాట దాచిపెడితే దాన్నేమనాలి? నేను అబద్ధం ఆడలేదు, నిజమే. కానీ వాడు నిర్ణయం తీసుకోవడానికి కావలసినది నా జేబులో ఉంచుకున్నాను.

అటు తప్పు చేశాక ఇటు తప్పు చేశాను. అది కూడా చెప్పాలి. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయిని నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పంపమని వాళ్ల అమ్మానాన్నల వెంటపడ్డాను. చిన్న కలలు కనకండి అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. కాఫీ పంట మీద ముందే డబ్బు తెచ్చి విశాఖ పంపారు. రెండేళ్లు రాసింది. సీటు రాలేదు. తనకన్నా రెండేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని డిగ్రీ మొదలుపెట్టింది. నేను ఇప్పటివరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆమెకు సీటు వస్తే మా ఊరి మొదట్లో కట్టించాల్సిన ఫ్లెక్సీ ఎలా ఉండాలో మనసులో ఎప్పుడో వేసుకున్నాను. అందులో ఆమె ఫొటో పక్కన నాది కూడా ఉంది.

కుర్రాడి విషయంలో నాది భయం. అమ్మాయి విషయంలో నాది ఆశ. రెండూ నావే. ఒకరికి ఆటో మిగిలింది, ఇంకొకరికి అప్పు మిగిలింది. నాకు ఒకటో తేదీన జీతం వచ్చింది.

ఇక ఈ వ్యాసం రాయించిన అమ్మాయి సంగతి. గురుకులంలో బైపీసీ చదువుతోంది. నిరుడు మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఇటుకల పండగకి ఊరొచ్చింది. పండగ రోజుల్లో మగవాళ్లంతా ఊళ్ళోనే ఉంటారు కాబట్టి ఇలాంటి మాటలు అప్పుడే వస్తాయి. వాళ్ల పెదనాన్న నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు: వచ్చే ఏడాది ఈ గుంట దేని మీద కూర్చోవాలి? అడిగాడన్న మాటే గానీ, జవాబు ఆయన దగ్గరే ఉంది. డాక్టరు.

ఎందుకు డాక్టరో ఆ అరుగు మీద ఎవరూ చెప్పక్కర్లేదు. మూడేళ్ల కిందట ఈ అమ్మాయి పిన్నికి నెలలు నిండాక రాత్రిపూట నొప్పులొచ్చాయి. మా ఊరికి అప్పటికి బండి వచ్చే దారి లేదు. దుప్పటి కర్రకి కట్టి డోలీ చేసి కొండ దించాం. భుజం మార్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్డు చేరాం, అంబులెన్స్ కూడా వచ్చింది, ఆమె మాత్రం ఆసుపత్రి చేరలేదు. కాబట్టి పెదనాన్న "డాక్టరు" అన్నప్పుడు నా గుండెలో కూడా అదే మాట ఉంది.

ఆ అమ్మాయి తల వంచుకుని వింది. మర్నాడు బడి దగ్గరికి వచ్చి చెప్పింది. "మాస్టారూ, నాకు రక్తమంటే భయం లేదు. కానీ నాకు మొక్కల చదువు ఇష్టం. మన మిరియాల తీగ ఒక్కసారిగా ఎందుకు ఎండిపోతోందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానానికి మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు అక్కడ మైక్రోస్కోపులో చూపించారు. అగ్రికల్చర్ బీఎస్సీకి ఈఏపీసెట్ చాలంట కదా."

చాలు. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుస్తున్న ఆ పరీక్ష ర్యాంకుతోనే మన రాష్ట్రంలో అగ్రికల్చర్ సీట్లిస్తారు. ఈ రెండు పరీక్షలూ ఒకే పుస్తకాల నుంచి వచ్చినా ఒకే రకంగా తయారయ్యేవి కావు, అది ఉపాధ్యాయులం తెలుసుకోవాలి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకి నాలుగు వస్తాయి, తప్పుకి ఒకటి పోతుంది. సగం మార్కులు జీవశాస్త్రానివే, కానీ పిల్లల్ని కిందికి లాగేది ఫిజిక్స్. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు రాస్తే పోయేదేమీ లేదు. పైగా మన రాష్ట్రంలో ర్యాంకు వేసేటప్పుడు ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. నీట్‌కి అలవాటు పడిన పిల్ల తెలియని ప్రశ్న వదిలేస్తుంది. ఈఏపీసెట్‌లో అలా వదిలితే నష్టం. ఈఏపీసెట్‌కి అలవాటు పడిన పిల్ల అన్నీ గుర్తు పెట్టేస్తుంది. నీట్‌లో అలా పెడితే వచ్చిన మార్కులు పోతాయి. నీట్ ఒక్కటే లోకమని ఇంటర్ పరీక్షల్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు రెండో దారి కూడా సన్నం చేసుకుంటారు.

ఇంకొకటి. నీట్‌లో ఎస్టీలకి అర్హత 40 పర్సంటైల్. అది దాటగానే "క్వాలిఫై అయింది" అని ఊరంతా సంబరపడతారు. క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు. ఈ తేడా ఫలితాలొచ్చాక తెలుసుకున్న ఇళ్లు నాకు తెలుసు. ముందే చెప్పవలసింది మనం.

ఇవన్నీ తెలిసినా అసలు ప్రశ్న అలాగే ఉంది. ఆ అమ్మాయి ఇష్టం ఒకవైపు, ఊరి అవసరం ఒకవైపు. ఏది ఎక్కువ?

పెదనాన్నకి నేను మెల్లగా చెప్పి చూశాను, పిల్ల ఇష్టం కూడా చూడాలి అని. ఆయన చదువుకోలేదు. కానీ ఆయన అడిగిన మాటకి చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. "ఆ సీటు దాని ఒక్కదాని సీటా మాస్టారూ? మనందరం గిరిజనులమని కదా ఇస్తన్నారు. మనందరి వాటాలో కూకుంటాది కదా. మరి మనకేటి కావాలో అడక్కూడదా?"

కొట్టిపారేసే మాట కాదిది. రాష్ట్రంలో మనకున్న 6 శాతం, కేంద్ర సంస్థల్లో 7.5 శాతం ఏ ఒక్క పిల్ల తెలివికో ఇచ్చిన బహుమతి కాదు. జాతికి జరిగిన అన్యాయానికి జాతికి ఇచ్చిన వాటా. నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఆ బాకీ నేను తీరుస్తున్నానా అని నన్ను ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. కొన్ని రోజులు తీర్చాను. కొన్ని రోజులు సంతకం పెట్టి ఐటీడీఏ ఆఫీసు పని ఉందని పాడేరు పోయాను.

కాబట్టి ఊరు అడగవచ్చు. అడగడం వరకు ఊరికి హక్కుంది. ఆ సీటులో కూర్చున్నాక ఎలా బతికావు, మమ్మల్ని గుర్తు పెట్టుకున్నావా అనీ అడగవచ్చు. ఏ సీటులో కూర్చోవాలన్నది మాత్రం ఊరు తేల్చేది కాదనుకుంటున్నాను. ఎందుకంటే మా కొండ మీదికి రోడ్డు వెయ్యకపోవడం, దగ్గరలో కాన్పు చెయ్యగల డాక్టరు లేకపోవడం ఆ పిల్ల చేసిన అప్పు కాదు. అది ప్రభుత్వం మనకు పడిన బాకీ. దాన్ని ప్రభుత్వం దగ్గర వసూలు చెయ్యలేక, ఎదురు చెప్పలేని పదిహేడేళ్ల పిల్ల తలమీద పెడుతున్నాం. ఆమె డాక్టరు కావడానికి, ఎంత లేదన్నా, ఆరేడేళ్లు పడుతుంది. ఈలోగా ఇంకెన్ని డోలీలు దించాలి? రోడ్డు కోసం పెదనాన్న ఎన్నిసార్లు అర్జీ పెట్టాడో నాకు తెలుసు, ఆ అర్జీలు రాసిందీ నేనే. ఆయన అలిసిపోయి పిల్ల వైపు తిరిగాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

పైగా ఊరి అవసరం అంటే మనకు కనిపించేది డోలీ ఒక్కటే. భూమి కేసు కనిపించదు. 1/70 చట్టం ఉండగానే చేతులు మారిన భూములు ఎన్ని లేవు? 1997లో సమత తీర్పు వచ్చింది మన అనంతగిరి మండలం గనుల గొడవ నుంచే. అయినా ఏ తండ్రీ సంతలో నన్ను ఆపి, మా పిల్లని లాయరు చెయ్యాలి, ఏ పరీక్ష రాయమంటారని అడగలేదు. సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి క్లాట్ రాయాలి, అది ఇంగ్లీషులోనే ఉంటుంది. విజయనగరం జిల్లాలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమే ఉంది. దాని పేరు తెలియని మన పిల్లలు ఎంతమందో. ఫారం చేతికి అందని రోజులు ఇంకా పోలేదు. కాకపోతే అప్పుడు కాగితం, ఇప్పుడు ఓటీపీ.

పిల్లలకి మనం జైపాల్ సింగ్ ముండా గురించి చెబుతుంటాం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి ఐసీఎస్‌కి ఎంపికైన ఆదివాసీ. ఆ రోజుల్లో అంతకు మించిన ఉద్యోగం లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్‌గా ఆడటానికి ఆ శిక్షణ మధ్యలో వెళ్లాడు, ఐసీఎస్ వదులుకున్నాడు. మా పెదనాన్నలాంటివాళ్లు అప్పుడు అక్కడ ఉంటే ఏమనేవారో ఊహించుకోండి. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడింది ఆయనే. హాకీ ఆడితేనే అలా అవుతారని నేననను. ఐసీఎస్ వదిలినందుకు జాతికి బాకీ పడ్డాడని కూడా ఎవరూ అనలేరు.

ఈసారి ఆ అమ్మాయితో మాట్లాడేటప్పుడు దాచకుండా చెప్పాలనుకున్నాను. బడి వదిలాక వరండాలో కూర్చుని ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ మాట్లాడుకున్నాం. మీ గురుకులంలో ఫిజిక్స్ మేడం ఈ ఏడాది ఎన్ని నెలలు ఉన్నారు, పాత నీట్ పేపరు టైము పెట్టుకుని చేస్తే ఎంత వస్తోంది, సీటు రాకపోతే ఇంకో ఏడాది కూర్చోగలవా, ఆ ఏడాది ఖర్చు ఎవరు పెడతారు. అగ్రికల్చర్ చదివాక ఏమొస్తుందో కూడా చెప్పాను. సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల పోస్టులు తీశారు గానీ నువ్వు చదువు ముగించేసరికి ఉంటాయో లేదో నేను మాటివ్వలేను అన్నాను. ఆటో నడిపే అన్నకి ఏం చెప్పానో, ఏం చెప్పలేదో అది కూడా చెప్పాను. అతను ఆమెకి వరసకి బావ అవుతాడు. తెలుసన్నట్టు తలూపింది.

చివరికి అన్నాను: "చూడమ్మా, నాకు నువ్వు డాక్టరు కావాలని ఉంది. మీ పిన్ని డోలీ మోసినవాణ్ణి. ఇది నా కోరిక, నాది. నీ లెక్కలో దీన్ని కలపకు."

ఆ అమ్మాయి కాసేపు పుస్తకం వైపు చూసి అంది: "కలపకుండా ఎలాగుంటాను మాస్టారూ? ఆవిడ మా పిన్ని."

నేను ఇష్టం ఒకవైపు, ఊరు ఒకవైపు అని రెండు గళ్లు గీసి కూర్చున్నాను. ఆమెలో ఆ గీత లేదు. మిరియాల తీగ మీద ప్రేమా, పిన్ని మీద దుఃఖమూ ఒక్క పిల్లలోనే ఉన్నాయి. వాటిని విడదీసి ఇవ్వడం నా పని అనుకున్నాను. కాదని అర్థమైంది.

నిర్ణయం తనే చేసుకుంది. నాలుగు రోజుల తర్వాత వచ్చి చెప్పింది. గట్టిగా కూర్చునేది ఇంటర్ మార్కుల మీద, ఈఏపీసెట్ మీద. నీట్ కూడా రాస్తుంది, ఒక్కసారే. రాకపోతే లాంగ్‌టర్మ్ అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, ఎందుకంటే తన వెనక తమ్ముడున్నాడు. ఈ మాట పెదనాన్నకి తనే చెబుతానంది. నేను వెంట రానా అంటే వద్దంది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, "వ్యవసాయం డాక్టరు కూడా డాక్టరేనా?" అని నన్నడిగాడు. అవునన్నాను. ఆ ఒక్క మాటలో కొంచెం అబద్ధం ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇది సరైన నిర్ణయమో కాదో నాకు తెలియదు. ఫిజిక్స్ బాగా చెప్పేవాళ్లుంటే ఆమెకి నీట్ అందేదేమో అని ఒక్కోసారి రాత్రిపూట అనిపిస్తుంది. ఆ మాట ఆమెతో అనలేదు.

ఈ ఫిబ్రవరిలో నీట్ ఫారం వచ్చినప్పుడు ఆమెని చింతపల్లి ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్లాను. ఎస్టీలకి ఫీజు వెయ్యి రూపాయలు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే వాళ్ల నాన్న మిరియాలమ్మిన డబ్బు ఇచ్చాడని తీసి చూపించింది. నెల తర్వాత ఈఏపీసెట్ ఫారానికి కూడా వెళ్లాం. లోపల కుర్చీ ఒకటే ఖాళీగా ఉంది. ఆమె కూర్చుంది, నేను బయట నిలబడ్డాను. ఓటీపీ రావలసిన ఫోను నా దగ్గరుంది. సిగ్నల్ కోసం రోడ్డు అవతలికి వెళ్లి, అంకెలు రాగానే అక్కణ్ణుంచే గట్టిగా అరిచి చెప్పాను. ఆమె కొట్టుకుంది. మే నెలలో రెండు పరీక్షలూ ఉన్నాయి.